టర్బో చల్లారేదాకా

శుక్రవారం పొద్దున సరిగ్గా పది గంటలకు, జహీరాబాద్‌లో ఫంక్షన్ హాలు ముందు మా బావ చిన్న కారు ఆగింది. లోపల పెళ్లికొడుకు, అంటే మా తమ్ముడు చిన్నోడు. ముహూర్తం దాటిపోతోంది. బావ తలుపుల లాక్ తీయలేదు.

ఒకసారి ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో కాలిపోతే, బాగుచేసిన మెకానిక్ "బండి ఆగంగనే ఇంజన్ బంద్ చెయ్యకు, జర చల్లారనియ్యి" అన్నాడు. ఎవరినీ దిగనివ్వొద్దని మాత్రం అనలేదు. అది బావ సొంతంగా కలుపుకున్నాడు. బండి దమ్ము తీసుకుంటుంటే మనం దిగిపోవడం మర్యాద కాదట.

"తలుపు తియ్యి బావా, ముహూర్తం పోతది!" అని బయటి నుంచి అరిచాను.

"టర్బో పోతే మల్ల నువ్వు చేపిస్తవా?"

పంతులు విసిగి పెళ్లికూతురిని కారు దగ్గరికే తెచ్చాడు. జీలకర్రబెల్లం కిటికీలోంచే పెట్టించాడు.

అప్పుడు అక్కడున్నది పెళ్లికొడుకు, పెళ్లికూతురు, పంతులు, నేను, తల పట్టుకున్న మా అక్క, స్టీరింగు వదలని బావ, సగం అక్షింతలు బానెట్ మీద వేయించుకున్న ఆ కారు.