జల్సా మనిషి

మా అత్తమ్మ లెక్కలో జల్సా మనుషులు రెండు రకాలు. సినిమాకని నిజామాబాద్ పోయేవాళ్లు ఒక రకం, పని ఉండగా కూర్చునేవాళ్లు ఇంకో రకం. నేను రెండో రకం. శనివారం సాయంత్రం హనుమాన్ గుడిలో భజనకు వెళ్తాను. వారం మొత్తంలో నా నడుము గోడకు ఆనేది అప్పుడే.

నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లోనే, ఒక్కో మాట ఎక్కడిదో చెబుతూ అక్షరాలు దిద్దించాడు. అందుకేనేమో, ఎవరైనా మాట విసిరితే నొప్పి కంటే ముందు అది ఎక్కడి మాటా అనిపిస్తుంది. ఈ జల్సా ఎక్కడిదో బాపుకూ తెలియదు.

మొన్న ఎండాకాలం మొదట్లో ఉడికించిన పసుపు కల్లంలో ఆరబోశాం. వంగి కొమ్ములు పలచగా నెరపాలి, లేచి ఇంకో గంప తేవాలి, మళ్లీ వంగాలి. శనివారం పొద్దు వాలేసరికి వంగితే లేవలేను, లేస్తే వంగలేను. చేతులు కడుక్కొని దీపం నూనె సీసా అందుకున్నాను.

“పోతున్నవా జల్సాకు?” అన్నది అత్తమ్మ, తల ఎత్తకుండానే.

“భజనకు, అత్తమ్మా.”

“గదే. పసుపు ఈడ, పాట ఆడ. ఈ వారంకెల్లి బంద్ చెయ్యి.”

సీసా కింద పెట్టేశాను. ఎదురు చెప్పే ఓపిక కూడా లేదు. ఆ ఒక్క పూట కూడా పోతే నేను దేని కోసం వారం ఈదాలో తెలియలేదు.

పక్క కల్లంలో మేం ఆపా అని పిలిచే పొరుగింటి ముస్లిం అక్క తన పసుపు నెరపుతోంది. ఆమె నవ్వింది.

“పెద్దమ్మా, మా ఉర్దూల జల్సా అంటె కూసునుడు. గంతే.”

“ఉత్త కూసునుడేనా?” అన్నది అత్తమ్మ.

“నమాజుల రెండుసార్లు నేలకు తల ఆనిస్తం గద. నడుమ జరంత కూసుంటం. దాన్ని గూడ జల్సా అనే అంటరు. గది లేకుంటె నమాజ్ సక్కగ గాదు.”

“మరి మంచి మాట మా దగ్గరికొచ్చి గింత ఖరాబెట్లయింది?” అని నేనడిగాను.

“నలుగురు కూసుంటె పాటొస్తది. పాటొస్తె షోకొస్తది. నిలవడి సూసినోళ్లకు మంటొస్తది,” అన్నది ఆపా.

అత్తమ్మ చేతిలోని గంప పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని, గోనెసంచి మీద మెల్లగా కూలబడింది. కల్లంలో ఆమె కూర్చోగా నేను చూడడం అదే మొదలు.

“నువ్వు పో. జల్సా చేసి జల్ది రా,” అన్నది.

గుడిలో గోడకు ఆనుకోగానే కళ్లు మూతపడ్డాయి. ఒక్క పాటా వినలేదు. హారతికి ఎవరో తట్టి లేపారు. కూర్చోనిచ్చినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను. కల్లంలో ఉన్న ఆపాకూ అక్కడి నుంచే ఇంకో దండం.

తిరిగి వచ్చేసరికి అత్తమ్మ ఆ సంచి మీదే ఉంది.

“వచ్చినవా జల్సా మనిషీ. జర చెయ్యియ్యి, లేవొస్తలేదు.”