కిటికీ లేని గది

బాలమల్లు ముప్పై రెండేళ్లు మందమర్రి బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. సముద్రం చూడలేదు, విమానం ఎక్కలేదు. కూతురు మమతారాణి మాత్రం బాపట్ల తీరంలో కడుతున్న మోటెల్‌ గదులను విమాన ప్రయాణాన్ని తలపించేలా తీర్చిదిద్దే పని ఒప్పుకుంది. మబ్బుల గది, పైలట్ గది, ఇలా ఐదు కుదిరాయి. ఆరోదానికి కిటికీ లేదు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే పని మొత్తం వేరేవాళ్లకిస్తానన్నాడు యజమాని.

"సముద్రం కనవడని రూముల ఎవలుంటరు బాపు?"

"నేనుండలేదా ముప్పై రెండేండ్లు?"

ఆమె నవ్వింది. బాలమల్లు కళ్లు మూసుకున్నాడు.

"షిఫ్టయి వస్తుంటే ముంగటోళ్ల టోపీ లైట్లే కనవడేవి బిడ్డా. కింద నేల లేదు, పైన కప్పు లేదు. గా లైట్లెంబడి నేను గూడ గాలిల తేలుతున్న అనిపించేది."

మమతారాణి కాగితం మీద గదంతా నలుపు పూసి, నేల పొడవునా రెండు వరుసల్లో చిన్న చుక్కలు వదిలింది. రాత్రి దిగే విమానానికి రన్‌వే అలాగే కనిపిస్తుంది. ఫొటో తీసి యజమానికి పంపింది. చాలాసేపటికి జవాబొచ్చింది, ఆ గదిలో మొదట తానే పడుకుంటానని.

"లోపలికి పోంగనే నడవద్దని చెప్పు," అన్నాడు బాలమల్లు. "కండ్లు చీకటికి అలవాటయ్యేదాక జర కూసోవాలె."