రవాన్ గోడ మీది సూక్తులు

ఈజిప్టులో దమన్హూరు రైల్వే స్టేషన్ వెనక ఉన్న ఆడపిల్లల హైస్కూల్లో పంతొమ్మిదేళ్లపాటు 'నేటి సూక్తి' చదివింది ఇన్సాఫ్. పిల్లలకు ఆమె ఇన్సాఫ్ అబ్లా. ఆ ఊళ్లో టీచరమ్మ ఎవరైనా అబ్లాయే. పొద్దుటి అసెంబ్లీలో ఖురాన్ పఠనం, వార్తలు అయ్యాక మైకు ఆమె చేతికి వచ్చేది. ఒక్క క్షణం ఆగేది. తర్వాత ఒకే ఒక్క వాక్యం. అప్పటిదాకా జడలు లాక్కుంటూ గుసగుసలాడే ఎనిమిది వందల మంది ఆ వాక్యం పూర్తయ్యేదాకా నోరు మెదిపేవాళ్లు కాదు.

ఆ గొంతు అలాంటిది. ఇరవై రెండేళ్ల వయసులో ఆ గొంతు పట్టుకునే ఆమె అలెగ్జాండ్రియాకు వెళ్లి రేడియోలో వార్తలు చదివే ఉద్యోగానికి పరీక్ష రాసింది. రెండుసార్లు రాసింది. రెండుసార్లూ ఉద్యోగం రాలేదు. ఆ సంగతి స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. అరబ్బీ వ్యాకరణం చెప్పుకుంటూ, లైబ్రరీ తాళాలు చూసుకుంటూ, పొద్దున్నే దొరికే ఆ అర నిమిషం మైకుతో తృప్తిపడింది.

మొదట్లో సూక్తులు గోడ క్యాలెండరు నుంచి తీసేది. చించే ప్రతి కాగితం వెనకా ఒకటి అచ్చేసి ఉండేది. నాలుగేళ్లకు అవే తిరిగి రావడం మొదలయ్యాక సొంతంగా అల్లడం నేర్చుకుంది. పక్క ఊరు అబూ హుమ్ముస్‌లోని ఇంటి నుంచి మైక్రోబస్సులో వచ్చే అరగంటలో ఒక వాక్యం తయారయ్యేది. "ఆగనివాడే చేరతాడు." "నీ కలకు నువ్వే కాపలా కాయాలి." ఆమె భర్త ఫౌజీ నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. ఆవిడను ఏడిపించడం ఆయనకు సరదా.

"ఇన్సాఫ్, నిన్న అన్నం మాడ్చావు కదా, దాని మీద కూడా ఒకటి చెప్పు. పిల్లలు రాసుకుంటారు."

"మీకు చెబితే గోడకు చెప్పినట్టే. వాళ్లకైతే పనికొస్తుంది."

పనికొస్తుందనే ఆమె నమ్మకం. అబద్ధాలు చెబుతున్నానని ఏనాడూ అనుకోలేదు. నిజమా కాదా అని ఎప్పుడూ తనను తాను అడగలేదు, అంతే.

ఒక్కసారి మాత్రం గుచ్చుకుంది. సూక్తులు చదవడం మొదలుపెట్టిన పదిహేనో ఏటి మాట. "సంతోషం ఎక్కడో లేదు, నీ మనసు తలుపు తీస్తే చాలు, లోపలే కూర్చుని ఉంది" అని ఆ రోజు చదివింది. మూడో వరుసలో ఒక పిల్ల తలెత్తి చూసింది. వారం క్రితం తండ్రి పోయిన పిల్ల. ఆ చూపులో కోపం లేదు. పొరపాటున తమ ఇంట్లోకి వచ్చేసిన పరాయి మనిషిని చూసినట్టు చూసింది. ఇన్సాఫ్ స్టాఫ్ రూములోకి వెళ్లి టీ తాగింది. మధ్యాహ్నానికి మరచిపోయింది.

ఆ తర్వాత వచ్చింది రవాన్.

రవాన్ తండ్రి సరుకుల లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు ఇంట ఉండడు. తల్లి సనియ్యా ఇంట్లోనే మిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. రవాన్ డాక్టరు కావాలి. కావాలన్నది ఆ పిల్లో, ఆ ఇల్లో, తేల్చి చెప్పడం కష్టం. అటువైపు ఇళ్లల్లో హైస్కూలు ఆఖరి ఏడాది వచ్చిందంటే టీవీ మూగబోతుంది, చుట్టాలు రావడం మానేస్తారు, వచ్చిన మార్కులే పిల్ల పేరు అయిపోతాయి. రవాన్ అసెంబ్లీ వరుసలోనే నిలబడి సూక్తి రాసుకునేది. కాగితం లేకపోతే అరచేతిలో రాసుకునేది.

"ఏమే, అబ్లా దగ్గితే అది కూడా రాసుకుంటావా?" అని పక్క పిల్లలు ఎగతాళి చేసేవాళ్లు.

ఆ మాట ఇన్సాఫ్ చెవిన పడింది. లోలోపల మురిసిపోయింది. తన గొంతును ఇంత శ్రద్ధగా విన్న మనిషి అంతవరకూ ఇంకొకరు లేరు.

ఫిబ్రవరిలో ఒక రోజు రవాన్ లైబ్రరీకి వచ్చింది. ఇన్సాఫ్ పాత పుస్తకాలకు అట్టలు వేస్తోంది. బెల్లుకు ఇంకా అయిదు నిమిషాలుంది.

"అబ్లా, ఒక మాట చెప్పాలి."

"చెప్పు తల్లీ."

"పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయి. రాత్రిళ్లు నిద్ర లేదు. పడుకుంటే గుండె దడదడా కొట్టుకుంటోంది. ఒక్కోసారి... అన్నీ ఆగిపోతే బాగుండనిపిస్తోంది."

ఆ పిల్ల రెండు చేతులూ బల్ల మీద పెట్టి నొక్కి పట్టుకుంది. వేళ్లు వణుకుతున్నాయి. ఇన్సాఫ్ చూసింది. చూడలేదని తర్వాత ఎన్నోసార్లు తనకు తాను సర్దిచెప్పుకోబోయింది గానీ, చూసింది. బంక అంటిన చేతిని ఆప్రాన్‌కు తుడుచుకుని ఆ పిల్ల భుజం మీద వేసింది.

"అలసట అంటే ఏమిటో తెలుసా? గెలుపు గుమ్మం ముందు పరిచిన కాళ్లపట్టా. దాని మీద కాలు పడిందంటే, తలుపు దగ్గరికి వచ్చేశావన్న మాట."

చెబుతుండగానే మాట బాగా కుదిరిందనిపించింది. రవాన్ కాసేపు ఆమె మొహంలోకి చూసింది, ఇంకేదో వస్తుందన్నట్టు. తర్వాత "సరే అబ్లా" అని వెళ్లిపోయింది. మర్నాడు అసెంబ్లీలో ఇన్సాఫ్ అదే వాక్యం చదివింది. హెడ్మిస్ట్రెస్ కౌసర్ వచ్చి, "ఈ ఏడాది చదివినవాటన్నింటిలోకీ ఇదే మంచిది" అని మెచ్చుకుంది.

ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. ఇంకో ఇంట్లో అయితే షర్బత్ పంచేవాళ్లు. రవాన్‌కు వచ్చిన మార్కులు అలాంటివి. కానీ మెడిసిన్ సీటుకు ఒకటిన్నర శాతం తక్కువ.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం, ఫౌజీ కునుకు తీస్తుండగా తలుపు ఎవరో కొట్టారు. ఇన్సాఫ్ తీసింది. గుమ్మంలో సనియ్యా నిలబడి ఉంది. నల్ల గౌను భుజాన ఇంకా దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు.

"అబ్లా, మీరొచ్చి మీ మాటలు మీరు తీసుకుపోవాలి."

"ఏ మాటలు సనియ్యా?"

"గోడంతా అంటించిందిగా. మంచం మీద కూర్చుని వాటికేసి చూస్తా ఉంటది. అన్నం తినదు. మాట్లాడదు. నేను పీకేద్దామని చెయ్యేస్తే చెయ్యి కొరికింది." సనియ్యా మణికట్టు చూపించింది. పంటి గాట్లు ఇంకా నల్లగా ఉన్నాయి. "డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా. ఒంట్లో ఏం లేదన్నాడు, నరాల డాక్టరుకు చూపించమన్నాడు. రేపు పోతాం. ముందు ఆ గోడ ఖాళీ కావాలి. నేను మీ అంత చదువుకున్నదాన్ని కాదు. కానీ నా బిడ్డను ఆ కాగితాలు మింగుతున్నాయి, అది నాకు కనబడతా ఉంది."

ఇన్సాఫ్ చెప్పులు వేసుకుని అలాగే బయల్దేరింది. మైక్రోబస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దారి పొడుగునా సనియ్యా భుజాన అంటిన దారపు ముక్కలు ఏరుతూ కూర్చుంది.

ఆ గది చిన్నది. కిటికీ పక్కన మంచం, మంచం పైన గోడ. గోడ మీద నేల నుంచి చెయ్యి అందేంత ఎత్తు వరకూ కాగితం ముక్కలు. గీతల కాగితాలు, బిస్కెట్ అట్టలు, యూనిఫారం కొలతలు రాసిన కాగితాల వెనక వైపులు. అన్నింటి మీదా గుండ్రటి దస్తూరీ, ప్రతిదాని కిందా తేదీ. ఇన్సాఫ్ మొదటిసారి తన మాటలన్నీ ఒక్కచోట చూసింది. ఒక్కొక్కటిగా చదివినప్పుడు తీయగా ఉన్నవి, పక్కపక్కన నిలబడితే అరుస్తున్నట్టున్నాయి. ఆగకు. వెనక్కి చూడకు. కష్టపడినవాడు ఓడడు. ఓడినవాడు సరిగా కష్టపడలేదు. చివరిది తాను అనలేదు. తాను చెప్పిన వాటి నుంచి ఆ పిల్ల తీసుకున్న అర్థం అది.

రవాన్ మంచం మీద గోడకు ఎదురుగా కూర్చుంది. మొహం పీక్కుపోయింది.

"రవాన్, అమ్మా," ఇన్సాఫ్ పక్కన కూర్చుంది. ఏమనాలో తెలియలేదు. తెలియనప్పుడు నోరు చేసే పని ఎప్పటిదే. "చూడు తల్లీ, ఒక తలుపు మూసుకుంటే దేవుడు..."

రవాన్ నవ్వింది. చిన్న నవ్వే. కానీ గుమ్మంలో ఉన్న సనియ్యా ఆ నవ్వుకు బెదిరి ఒక అడుగు లోపలికి వేసింది.

"ఇది కొత్తదా అబ్లా? రాసుకోనా?"

ఇన్సాఫ్ నోరు మూసుకుంది.

రవాన్ వేలెత్తి ఒక కాగితం చూపించింది. "ఆగనివాడే చేరతాడు. నేను ఆగలేదుగా. ఎక్కడికి చేరాను?"

"నాకు తెలీదమ్మా."

"అది మీకు జరిగిందా? ఆగకుండా వెళ్లి చేరారా?"

ఇన్సాఫ్ ఒళ్లో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ చెప్పింది. "లేదు. రేడియో పరీక్ష రెండుసార్లు రాశాను. మూడోసారి భయపడి వెళ్లలేదు. ఆగిపోయాను."

"మరి ఎందుకు చెప్పారు?"

"వినడానికి బాగుంటుందని."

"నీ కలకు నువ్వే కాపలా కాయాలి. ఇది?"

"మైక్రోబస్సులో అల్లాను. ఆ రోజు ట్రాఫిక్ ఎక్కువగా ఉంది."

"సంతోషం నీ మనసులోనే ఉంది?"

"క్యాలెండరు కాగితం వెనక ఉన్నదాన్ని కొంచెం మార్చి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చదివాను."

అలా ఒక్కొక్కటీ అడిగింది. ఇన్సాఫ్ ఒక్కొక్కదానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎక్కడ తీసింది, ఎందుకు అల్లింది, ఎవరు మెచ్చుకున్నారు. అడుగుతున్నకొద్దీ ఆ పిల్ల గొంతు గట్టిపడింది. చివరికి వేలు కింది వరుసలో, తలగడ పక్కన అంటించిన కాగితం మీద ఆగింది. అది మిగతావాటికన్నా పెద్ద అక్షరాలతో ఉంది. అలసట, గుమ్మం, పట్టా. కింద ఫిబ్రవరి తేదీ.

"ఆ రోజు నేను మీ దగ్గరికి వచ్చింది సూక్తి కోసం కాదు అబ్లా."

"తెలుసు."

"అప్పుడే తెలుసా?"

ఇన్సాఫ్ అబద్ధం చెప్పవచ్చు. "అప్పుడే తెలుసు," అంది. "నీ చేతులు వణుకుతుంటే చూశాను. ఇంకేమడగాలో, ఎవరికి చెప్పాలో తెలియలేదు. బెల్లు కొడతారని చూస్తున్నాను. మాట కుదిరింది, చెప్పేశాను. మర్నాడు మైకులో చదివి మెప్పు పొందాను."

సనియ్యా గుమ్మంలోనే చతికిలబడింది. "ఫిబ్రవరి నుంచీ నిద్ర లేదా నీకు? నాకు చెప్పలేదేమే?" అని నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుంది.

"చెబితే నువ్వు మిషన్ ఆపేస్తావు," అంది రవాన్, తల తిప్పకుండా. "మిషన్ ఆగితే నాకు ఇంకా భయం."

ఆ రోజు కాగితాలు తీయలేదు. తీయనా అని ఇన్సాఫ్ అడిగితే, "మీరు తీయొద్దు" అంది రవాన్. ఖాళీ చేతులతో ఇన్సాఫ్ బయటికి వచ్చింది. సనియ్యా మెట్ల దాకా వచ్చి, "ఎందుకు పిలిచానా అనిపిస్తోంది" అని, తలుపు వేసుకుంది.

మర్నాడు వాళ్లు నరాల డాక్టరు దగ్గరికి వెళ్లారు. మాత్రలు ఇచ్చాడు. నెల తర్వాత రవాన్ అన్నం తినడం మొదలుపెట్టిందని, కాగితాలన్నీ ఒక మధ్యాహ్నం తనే పీకి, సున్నం పెచ్చులతో సహా చెత్తబుట్టలో వేసిందని స్కూల్లో ఎవరో చెప్పుకుంటుంటే ఇన్సాఫ్ వింది. సైన్సు కాలేజీలో చేరిందని, రెండో నెలలో మానేసిందని కూడా వింది.

స్కూలు తెరిచిన రోజు కౌసర్ మైకు అందించబోతే ఇన్సాఫ్ చెయ్యి చాచలేదు.

"గొంతు బాగోలేదా?"

"గొంతు బాగానే ఉంది. ఇక నేను చదవను."

"పిచ్చిదానా, పిల్లలకు పొద్దున్నే ఒక్క మంచి మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

ఆ మాటలతో నిజంగానే నిలదొక్కుకున్న పిల్లలూ ఉన్నారు. ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు కూడా రాశారు. ఏ మాట ఎవరిని నిలబెడుతుందో, ఎవరి మీద పడుతుందో మైకు ముందు నిలబడి ఎలా తెలుస్తుంది? "నాకు చేతకావడం లేదు కౌసర్" అంది. ఆ పని లెక్కల టీచరుకు అప్పగించారు. ఆమె ఫోనులో వెతికి చదువుతుంది. పిల్లలు వింటారో లేదో ఇన్సాఫ్ గమనించడం మానేసింది.

మధ్యాహ్నపు విరామంలో లైబ్రరీ తలుపు తీసి ఉంచుతోంది. ఎవరైనా వస్తే కూర్చోమంటుంది. వాళ్లు ఏడిస్తే, నోటిదాకా వచ్చిన వాక్యాన్ని మింగడానికి నీళ్లు తాగుతుంది. ఒకసారి ఒక పిల్ల విసుక్కుంది. "ఏమైనా చెప్పండి అబ్లా, ఊరికే చూస్తారేంటి?" ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఫౌజీతో, "నేను వినడం కూడా నేర్చుకోలేదండీ ఇన్నేళ్లూ" అంది. ఆయన ఎగతాళి చేయలేదు.

మార్చిలో కళ్లజోడు విరిగితే బజారులో కళ్లద్దాల దుకాణానికి వెళ్లింది. కౌంటరు వెనక రవాన్ ఉంది. ఆకుపచ్చ తలగుడ్డ, చేతిలో చిన్న స్క్రూడ్రైవరు. రవాన్ విరిగిన కళ్లజోడు తీసుకుని కాంతికి ఎదురుగా పట్టి చూసింది.

"ఫ్రేము పనికిరాదు అబ్లా. అద్దాలు బాగానే ఉన్నాయి."

"ఎలా ఉన్నావు?"

"నిద్ర పడుతోంది." స్క్రూడ్రైవరు పక్కన పెట్టింది. "కాలేజీకి మళ్లీ వెళతానో లేదో తెలీదు. నాన్న మాట్లాడడం లేదు. ఈ పని నచ్చిందో, ఏదీ నచ్చకపోవడానికి అలవాటు పడ్డానో అదీ తెలీదు."

ఇన్సాఫ్ తల ఊపింది.

అప్పుడే సనియ్యా భోజనం డబ్బా పట్టుకుని లోపలికి వచ్చింది. ఇన్సాఫ్‌ను చూసింది. డబ్బా కౌంటరు మీద పెట్టి, సలాము కూడా చెప్పకుండా వెళ్లిపోయింది.

"అమ్మకు మీ మీద ఇంకా కోపమే," అంది రవాన్.

"ఉండనీ. తప్పేముంది?"

"నాకూ ఉంటుంది, కొన్ని రోజులు."

"ఈ రోజు?"

రవాన్ ఆలోచించింది. "ఈ రోజు లేదు. రేపటి సంగతి చెప్పలేను." చీటీ రాసి ఆమె చేతికిచ్చింది. "గురువారం రండి. ఈలోగా చదవడం కష్టమవుతుంది మీకు."

"ఫరవాలేదు," అని చీటీ సంచిలో వేసుకుని ఇన్సాఫ్ బజారులోకి దిగింది.