నలభై ఎనిమిది పళ్ళ కోసం కడప దాకా

భార్య కుట్టుమిషను చెడగొట్టిన మగవారికి పనికొస్తుందని ఈ ప్రయాణం రాస్తున్నాను. చెడగొట్టనివారు కూడా చదవవచ్చు, ఎందుకంటే వాళ్ళూ ఏదో ఒకరోజు ఆ పని చేయకపోరు.

మాది కర్నూలు. ఊరు కొత్తగా రాజధాని అయి, డేరాల్లో ఆఫీసులు నడుస్తున్న రోజులు. అలాంటి ఒక డేరాలో నేను గుమాస్తాను. పగలంతా ఫైళ్ళు, సాయంత్రం ఇంటి వెనక వసారాలో కాలితో తొక్కే చిన్న లేతు. దాని మీద బొంగరాలు, తలుపు పిడులు, ఎవరూ అడగని ఇత్తడి గంటలు తీస్తుంటాను. "ఇంట్లో పన్నెండు గంటలుండాయి, గుడి ఒకటే తక్కువ" అంటుంది మా ఆవిడ లక్ష్మీదేవి.

ఆమెకు చేతితో తిప్పే పాత విదేశీ కుట్టుమిషను ఉంది. వీధిలో ఆడవాళ్ళ రవికెలన్నీ దాని మీదే కుడుతుంది. పిడి బరువుగా తిరుగుతోందంటే, తేలిక చేస్తానని నేను దాన్ని విప్పాను. మళ్ళీ బిగించేటప్పుడు సుత్తి కాస్త గట్టిగా పడి, పిడి పక్కనున్న పెద్ద పళ్ళ చక్రానికి నాలుగు పళ్ళు రాలిపోయాయి. ఆ చక్రం బజారులో దొరకదన్నారు. "దొరక్కపోతే ఏం, నేనే చేస్తాను" అనేశాను. నోరు జారడమంటే అదే.

లేతు మీద గుండ్రటి వస్తువులే వస్తాయి. అక్కడ వస్తువు తిరుగుతుంది, ఉలి నిలబడి ఉంటుంది. చక్రం అంచున పళ్ళు కోయాలంటే కోసే కట్టరు తిరగాలి, వస్తువు బుద్ధిగా కూర్చోవాలి. దానికి మిల్లింగ్ మిషను కావాలి. ఈ తేడాను లక్ష్మీదేవికి ఎనిమిది నెలలు వివరించాను. ఆ ఎనిమిది నెలలూ ఆమె చేతిసూదితోనే కుట్టింది. చివరికి ఒక మంగళవారం నాడు, గొంతు పెంచకుండా, తేల్చి చెప్పింది.

"శనివారం పొద్దున బక్కెట్లు అతికే ఆయప్ప బండి తెస్తాడు. ఆలోపల చక్రం వచ్చిందా సరి. రాలేదంటే లేతు ఆయప్పకు ఇచ్చేస్తా. దానికి వచ్చే దుడ్లకు కొత్త కుట్టుమిషను తెచ్చుకుంటా."

మా ఆఫీసుకు కడప నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా ఒకాయన ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చి, ఆ రాత్రే సెలవు చీటీ రాసుకున్నాను. ఆయన చెప్పిందేమంటే, కడపలో దస్తగిరి సాబు అనే ముసలాయన దగ్గర చిన్న మిల్లింగ్ మిషను ఒకటి అమ్మకానికి ఉందట.

బుధవారం ఉదయం ఆరు గంటలకు బస్సు. సామాను: పళ్ళు రాలిన చక్రం, అదే కొలతకు నా లేతు మీద తీసుకున్న ఇత్తడి బిళ్ళ, ఒక జత బట్టలు, మూటలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. అలిగినా రొట్టెలు మాత్రం మెత్తగానే చేసింది. ఈ దారిన పోయేవారికి ఒక మాట. పొద్దున ఎండ ఎడమవైపు కొడుతుంది కాబట్టి కుడివైపు కూర్చోవాలి. మధ్యాహ్నం ఎండ కుడివైపుకు వస్తుంది, అప్పుడు ఎడమవైపుకు మారాలి. కానీ అప్పటికి అక్కడ ఎవరో నిద్రపోతూ ఉంటారు.

తొమ్మిదిన్నరకు నంద్యాల. కాఫీ ఒక అణా, వేడి తప్ప అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. అక్కడ ఒంటిమిట్టకు పోయే కుటుంబం ఒకటి ఎక్కింది. అందులో పెద్దామె నా పక్కన సర్దుకుని కూర్చుని, "నువ్వూ రాములోరి కాడికేనా నాయనా?" అని అడిగింది.

"లేదమ్మా, కడపకు. మిషను కొనేదానికి పోతాండా."

"ఏం మిషను?"

"చక్రానికి పళ్ళు కోసేది. మా ఇంటామె కుట్టుమిషనుకు చక్రం పోయింది."

"ఎట్ల పోయింది?"

"నేనే విప్పినా."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీ పేరున కూడా ఒక టెంకాయ కొడతాలే" అంది. మైదుకూరు దాకా ఆ కుటుంబంలో ప్రతి ఒక్కరూ వంతులవారీగా వెనక్కి తిరిగి నన్ను చూశారు.

సాయంత్రం నాలుగున్నరకు కడపలో దిగాను. ఒళ్ళంతా ఎర్రమట్టి. స్టేషను దగ్గర సత్రంలో ఎనిమిదణాలకు గది, నీళ్ళు మనమే తోడుకోవాలి. భోజనం బాగుంది, కారం మాత్రం మా కర్నూలు వాళ్ళనే కంటతడి పెట్టించేలా ఉంది.

గురువారం ఉదయం ఎనిమిదికి దస్తగిరి సాబు ఇల్లు కనుక్కున్నాను. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, తెల్లటి గడ్డం, తాళాలు, గడియారాలు, పంపులు బాగుచేసి బతికినాయన. రెండు చేతులూ వణుకుతున్నాయి. పెరటి రేకుల పాకలో ఆకుపచ్చ గుడ్డ గలేబు కప్పుకుని మిషను ఉంది. ఆయన భార్య బీబమ్మ వచ్చి, ముడులు ఒక్కొక్కటే విప్పి గలేబు తీసింది. నడుమెత్తు బల్ల మీద, నల్లగా, నూనె మెరుపుతో, ఇద్దరు మనుషులు మోయగలిగినంత చిన్న మిల్లింగ్ మిషను. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే జేబులో చెయ్యి పెట్టాను.

"దుడ్లు ఉండనీలేప్పా," అన్నాడు సాబు. "ముందు చక్రం కోసి చూపించు. కోస్తే మిషను నీది. కోయలేదంటే వచ్చిన దారి తెలుసు కదా."

"ఇదేం షరతు సాబూ?"

"పాత ఇనుము కొనేవాడు శానా సార్లు వచ్చిపోయినాడు. నీకంటే ఎక్కువే ఇస్తాడు. పగలగొట్టి తూకానికి అమ్ముకుంటాడు. నాకు అట్ల వద్దు. పని వచ్చినోని చేతికే ఇస్తా."

నాకేం భయం? పుస్తకాలు చదివినవాణ్ణి. బిళ్ళను బిగించాను. బిళ్ళను కొంచెం కొంచెంగా తిప్పడానికి పక్కన ఒక పిడి ఉంటుంది. ఆ పిడి వెనక చుట్టూ చిల్లులున్న ఇనుప పళ్ళెం, పిడికి ఒక చీల. ఒక పన్ను సందు కోశాక చీలను పైకి లాగి, చిల్లులు లెక్కపెడుతూ పిడి తిప్పి, మరో చిల్లులో దింపాలి. నలభై ఎనిమిది పళ్ళకు ప్రతిసారీ పదిహేను చిల్లులు జరపాలని సాబు చెప్పాడు. మోటారు వేశాను. కట్టరు ఇత్తడిలోకి దిగింది, బంగారు రజను లాంటి పొడి రాలింది. పొంగిపోయాను.

మొదటి సందు కోసి, చిల్లుల మీద వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "లాభం, రెండు, మూడు, నాలుగు..."

మంచం మీద కూర్చున్న సాబు తలెత్తాడు. "ఏమప్పా, జొన్నలు కొలుస్తాండావా?"

"మాది సేద్యం చేసే ఇల్లు సాబూ. మా నాయన కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి సేరును ఒకటి అననిచ్చేవాడు కాదు. లాభం అనే అనాల. అదే అలవాటైంది."

"మంచి అలవాటే. కానియ్, కానియ్" అని ఆయన గడ్డం నిమురుకున్నాడు. బీబమ్మ ఏదో అనబోతే కళ్ళతోనే ఆపాడు. అది నేను చూశాను, కానీ అర్థం కాలేదు.

రెండున్నర గంటలు పట్టింది. నలభై ఎనిమిదో సందు కోసి, మోటారు ఆపి, చక్రాన్ని చేతిలోకి తీసుకున్నాను. పళ్ళు నలభై ఎనిమిదీ ఉన్నాయి. వాటి తర్వాత అర అంగుళం పైన బోడి అంచు మిగిలి ఉంది! మూడు పళ్ళు పట్టేంత జాగా, ఏ పన్నూ లేకుండా నున్నగా నన్నే చూస్తోంది.

సాబు పడీపడీ నవ్వాడు. దగ్గొచ్చింది, నీళ్ళు తాగాడు, మళ్ళీ నవ్వాడు.

"చీల ఉన్న చిల్లును ఏమన్నావు?"

"లాభం అన్నా."

"గింజలైతే మొదటి సేరు నీ గంపలో పడుతాది, అదీ లెక్కే. ఈడ చీల ఉన్న చిల్లు నువ్వు నిలబడిన చోటు. దాని పక్క చిల్లు నుంచి కదా లెక్క! నిలబడిన చోటును కూడా లెక్కేసుకుని ప్రతిసారీ పద్నాలుగే జరిపినావు."

"మొదట్లోనే చెప్పింటే ఏమైతాండె?" అని బీబమ్మ కోప్పడింది. "పాపం, చెమటలు కారిపోయినాడు."

"అప్పుడు చెప్పింటే రేపు మర్చిపోతాండె. ఇంక సచ్చేదాకా మర్చిపోడు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తెచ్చిన బిళ్ళ ఒక్కటే. అది పోయింది. శనివారం పొద్దున వచ్చే బండి, దాని మీద ఎక్కే నా లేతు కళ్ళ ముందు కదిలాయి. లేతు సంగతి, ఎనిమిది నెలల సంగతి దాచకుండా చెప్పేశాను. బీబమ్మ మా ఆవిడ పక్షమే వహించింది. సాబు మాత్రం మంచం కిందనుంచి ఒక మూట లాగాడు. అందులో మందపాటి ఇత్తడి బిళ్ళ ఉంది.

"నా చేత్తో కోసే ఆఖరి చక్రానికని దాచుకున్నా. ఇంక ఈ చెయ్యి నా మాట వినదు. నీ చెయ్యి బాగుండాది, లెక్కే సరిలేదు. కొయ్యి."

వద్దనడానికి ధైర్యం చాలలేదు, తీసుకోవడానికీ చేతులు రాలేదు. ఆయనే నా చేతిలో పెట్టాడు. ముందు బీబమ్మ రొట్టె, పప్పు పెట్టింది. మూలనున్న ఆయన లేతు మీద బిళ్ళను కొలతకు తెచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ఈసారి ఇద్దరం కలిసి పైకే లెక్కపెట్టాం. చీల ఉన్న చిల్లు దగ్గర ఆయన "నిలబడినావు" అనేవాడు, పక్క చిల్లు దగ్గర నేను "ఒకటి" అనేవాణ్ణి. నలభై ఎనిమిది సార్లు నిలబడ్డాను. ఆఖరి సందు కోశాక, "ఇంకోసారి జరుపు" అన్నాడు. జరిపాను. కట్టరు మొట్టమొదట కోసిన సందులోకి సరిగ్గా దిగింది, ఇత్తడి ఎక్కడా తగల్లేదు. సాబు చక్రాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. "నేను కోసింటే ఇట్లే వచ్చిండేది" అన్నాడు. నా జన్మలో అంతకంటే పెద్ద మెప్పు వినలేదు.

డబ్బు ఇచ్చాను. మిషనుతో పాటు గలేబు కూడా చుట్టబోతే బీబమ్మ లాగేసుకుంది.

"మిషను తీసుకపో నాయనా. గలేబు ఇయ్యను. ఇది నేను కుట్టింది."

నలభై ఏళ్ళుగా చిరిగినప్పుడల్లా మళ్ళీ కుట్టిందట. చిన్నగా మడిచి రొమ్ముకు ఆనించుకుంది. మిషనును గోనెసంచుల్లో చుట్టాం.

శుక్రవారం తొమ్మిదిన్నర రైలుబండిలో బయలుదేరాను. మిషను సామాన్లు పెట్టే బ్రేకువానులో, చక్రం నా జేబులో. మిషనులాంటి బరువుతో పోయేవారు గుంతకల్లులో మీటరుగేజి బండికి మారాలని ముందే తెలుసుకోవాలి. కూలీలు ముగ్గురు కావాలి, మిషనును పిల్లవాడిలా చూసుకొమ్మంటే నవ్వుతారు. డోను దాకా నా ఎదుట బేతంచెర్లలో రాళ్ళు నునుపు పెట్టే ఆయన కూర్చున్నాడు. నేను మాటిమాటికీ చక్రం తీసి లెక్కపెట్టుకోవడం చూసి చెయ్యి చాపాడు. బొటనవేలితో అంచంతా తడిమి, "నున్నగుండాదే! ఎవరు చేసినారు?" అన్నాడు. "నేనే" అన్నాను. నమ్మలేదు. నేనే ఆయన స్థానంలో ఉంటే నమ్మేవాణ్ణి కాదు. ఆ రాత్రి డోను స్టేషనులో మిషనుకు ఆనుకుని పడుకున్నాను.

శనివారం పొద్దున కర్నూలు రైలెక్కి, పదిగంటలకు స్టేషను నుంచి అద్దె బండిలో ఇల్లు చేరేసరికి, బక్కెట్ల ఆయప్ప బండి మా గడప ముందర నిలబడి ఉంది! లేతు అప్పటికే వసారా దాటి నడవలోకి వచ్చింది. నేను పరుగున పోయి లక్ష్మీదేవి చేతిలో చక్రం పెట్టాను. ఆమె చక్రం పళ్ళు లెక్కపెట్టలేదు, నా ముఖమూ చూడలేదు. తీసుకెళ్ళి, నన్ను ముట్టుకోనివ్వకుండా తనే బిగించి, పిడి తిప్పింది. ఎనిమిది నెలల తర్వాత కుట్టుమిషను టకటకమంది. ఆ చప్పుడుకు నా కళ్ళు చెమ్మగిల్లాయి.

"లేతు లోపల పెట్టిపోప్పా," అంది ఆయప్పతో. "ఆ గోనెసంచిలోది కూడా దించిపో. కాఫీ ఇస్తా."

భోజనం దగ్గర కడప కథంతా చెప్పాను. లాభం సంగతి కూడా దాచలేదు. బోడి అంచు చక్రం చూపిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బీబమ్మ గలేబు సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళిపోయింది.

నాలుగు గంటలకు నిద్ర లేచి వసారాలోకి పోతే, టేపుతో మిల్లింగ్ మిషను కొలతలు తీస్తోంది. పక్కన నా ఆఫీసు చొక్కాలు రెండు కుట్లు విప్పదీసి ఉన్నాయి.

"అవి మంచివి కదా!" అన్నాను.

"మిషను మీద దుమ్ము పడితే చెడిపోతాది. చెడిపోతే మీరు విప్పుతారు. విప్పితే ఏమైతాదో నాకు తెలుసు. ఆ మూల పట్టుకోండి."

బాగుపడిన కుట్టుమిషను మీద ఆమె కుట్టిన మొదటి గుడ్డ నా మిషను గలేబే. గాలికి లేవకుండా అంచుకు బరువు కావాలని, నా బోడి చక్రాన్ని తీసుకుని ముందువైపు, సరిగ్గా నా చెయ్యి పడే చోట కుట్టేసింది. ఇప్పుడు పని మొదలుపెట్టాలంటే ముందు దాన్ని పట్టుకుని ఎత్తాలి.