చెరిపేసిన ఫైలు

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఆవిడను అందరూ సర్వరక్క అంటారు. ప్రోగ్రాములన్నీ పంచుకునే ఒక లైబ్రరీ ఫైలులో ల్యాబ్‌కు కొత్త వెర్షన్ కావాలి, గుండె వార్డు అలారానికి పాతదే పడుతుంది. అలాంటివాటితో వేరు కాపురాలు పెట్టించడమే ఆవిడ ఉద్యోగం.

సాయంత్రం బ్యాటరీలు మార్చడానికి సర్వర్ ఆపాలి. మధ్యాహ్నం వెతికితే పాత ఫైలు లేదు. నాలుగేళ్ల కిందటే ఎవరో కొత్తది పెట్టి దాన్ని చెరిపేశారు. అప్పటినుంచి సర్వర్‌ను ఎవరూ ఆపలేదు. అలారం ఆ లేని ఫైలునే మెమరీలో పట్టుకుని నడుస్తోంది.

వార్డు నర్సు తొంగిచూసింది. "ఏంటక్కా, దెయ్యాన్ని చూసినట్టున్నావు? అలారం బాగానే మోగుతోందిగా!"

"మోగుతోంది తల్లీ. అందుకే ఒళ్లు జలదరిస్తోంది. ఒక్కసారి ఆపితే మళ్లీ లేవదు."

నడుస్తున్న ప్రోగ్రాం లోపలినుంచే ఫైలును కాపీ తీసి, అలారానికి మాత్రమే కనబడేచోట పెట్టింది. నర్సును మంచాల దగ్గర కాపలా ఉంచి, అలారాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది. పదకొండు సెకన్లు వార్డులో చప్పుడు లేదు. తర్వాత నర్సు పరీక్ష బటన్ నొక్కితే మోగింది.

ఇలా చెరిపేసిన ఫైళ్ల మీద ఇంకేమైనా నడుస్తున్నాయేమోనని సర్వరక్క చూసింది. తెర నిండింది. కిందికి జరిపేకొద్దీ పేర్లు వస్తూనే ఉన్నాయి. బ్యాటరీలవాళ్లకు ఫోన్ చేసి, ఇవాళ రావద్దంది.