ఓడ నడిపిన తమ్ముడికి సగమా, మొత్తమా

బావా బామ్మర్దీ మాట్లాడుకోవడం లేదంటే మా దగ్గర దానికి ఒక్కటే అర్థం: భూమి తగాదా. అందుకే నేనూ మా బావా ఎడమొహం పెడమొహం అయ్యామని తెలియగానే, రెంజల్‌లోని మా పసుపు చేనులో మా అక్క వాటా బావ అడిగాడని చుట్టాలంతా తేల్చేశారు. అసలు సంగతి చెబితే నవ్విపోతారని మేమిద్దరం నోరు విప్పలేదు. మేం కొట్లాడుకున్నది ఫోన్‌లో ఆడే ఒక గేమ్ కథ గురించి.

ఆ కథ ఇదీ. భూమి ఎండిపోతుంది. జనమంతా ఒక ఓడెక్కి ఆకాశంలో ఇంకో గ్రహానికి బయలుదేరతారు. దారి చాలా దూరం కాబట్టి అందరినీ మంచు పెట్టెల్లో నిద్రపుచ్చుతారు. ఓడ నడపడానికి నాయకుడి చిన్న కొడుకు ఒక్కడే అరవై ఏళ్లు మేలుకుని ఉంటాడు. పెద్ద కొడుకు హాయిగా పడుకుంటాడు. తీరా దిగాక గ్రహం నాదంటే నాదని అన్నదమ్ములు కత్తులు దూస్తారు. మనం గేమ్ ఆడేది అక్కడి నుంచి.

అరవై ఏళ్లు మేలుకున్నవాడు ముసలాడు కావాలా వద్దా? నెత్తిన ఒక్క తెల్ల వెంట్రుక లేకుండా గోడలు దూకుతుంటాడు! అదే నేను బావతో ఫోన్‌లో అన్నాను.

"నడుమ నడుమ పండుకున్నడేమోరా" అన్నాడు బావ.

"మరి గప్పుడు ఓడ నడిపిందెవ్వలు, మీ తాతనా?"

"నువ్వు కథ వచ్చినప్పుడల్ల స్కిప్ కొడతవ్. నీకేం తెలుస్తది?"

నన్ను! గేమ్‌లో దారిన పోయే దానయ్య మాట కూడా వదలకుండా విన్న నన్ను పట్టుకుని స్కిప్ కొట్టావంటాడా! ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను. ఆయనా మళ్లీ చేయలేదు.

అంతలో అక్క కూతురు, నా మేనకోడలికి పుట్టు వెంట్రుకలు తీయించే రోజు దగ్గరపడింది. కందకుర్తిలో నది ఒడ్డున మొక్కు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి. ఆ పిల్లకు ఉన్న ఒక్క మేనమామను నేను. పిలుపు మాత్రం రాలేదు. పైకి బింకంగా తిరిగాను గానీ, లోపల ఏడుపొకటే తక్కువ.

చివరికి పంచాయితీ పెట్టారు. పెద్దమనుషులు ఇద్దరే, మా బాపు, బావ వాళ్ల నాయన. చందూర్‌లో బావ వాళ్లింటి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి చేను గట్టు ఎక్కడ జరిగిందో చెప్పమన్నారు. ఇక దాచలేక బావ ఓడ కథంతా చెప్పాడు. తిడతారనుకున్నాం. ఇద్దరూ గంభీరంగా తలలూపారు.

"తెల్లెంట్రుకల ముచ్చట ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు బాపు. బాపు వాళ్లింట్లో పెద్దకొడుకు. "అన్న అన్ననే. పండుకున్నా అన్ననే. చెరి సగం."

"గదెట్ల బావా?" బావ వాళ్ల నాయన బాపు వైపు తిరిగి లేచి నిలబడ్డాడు. "నిద్ర కాసి నడిపినోనికీ సగమే, గుర్రు పెట్టి పండుకున్నోనికీ సగమేనా? చెరుకు తోటకు నీళ్లు కట్టీ కట్టీ నా నడుం ఇరిగింది. మా అన్న పట్నంల కూసోని వాటా గుంజుకపోయిండు. ఇదేం న్యాయం?"

"మామా, అది ఉత్త కథ" అన్నాను.

"కథైతే న్యాయం ఉండదా?" ఇద్దరూ ఒకేసారి నా మీద పడ్డారు. మళ్లీ వాళ్లలో వాళ్లు మొదలుపెట్టారు. మాటా మాటా పెరిగింది. బాపు కండువా దులిపి, "మా ఇంటి నుంచి ఎవ్వలం కందకుర్తికి రాం!" అనేశాడు.

లోపలి నుంచి అక్క పిల్లను చంకనేసుకుని వచ్చింది. కళ్ల నిండా నీళ్లు. "ఓడ పాడుగాను! నా బిడ్డకు మేనమామ లేడనుకోవాల్నా?"

బావ నా వైపు చూడకుండానే బాపుతో అన్నాడు: "మామా, కత్తెర పట్టేది నా బామ్మర్ది. వాడు రాకుంటే నా బిడ్డ జుట్టు గట్లనే పెరగనీ, జడేసి బడికి తోలుత."

"సరే తియ్" అంటూ బాపు కండువా మళ్లీ భుజాన వేసుకున్నాడు.

మొక్కు రోజున పెద్దమనుషులిద్దరూ ఒకే జీపులో, చెరో కిటికీ వైపు మొహం తిప్పుకుని వచ్చారు. నది ఒడ్డున పిల్ల నా ఒళ్లో కూర్చుని గుక్కపెట్టి ఏడుస్తోంది. కత్తెరను దగ్గరికి రానివ్వడం లేదు. తల కదలకుండా పట్టుకోవడానికి బావ వంగి, నా చెవిలో గుసగుసగా అడిగాడు:

"అరువై ఏండ్లు ఒక్కడే ఉన్నడు గదరా, వాని జుట్టు ఎవ్వలు కత్తిరించిండ్రంటవ్?"

నవ్వబోయాను, రాలేదు. చుట్టూ చూశాను. అక్క పళ్లెం పట్టుకుని వెంట్రుకల కోసం ఎదురుచూస్తోంది. ముసలాళ్లిద్దరూ అలక మరిచి పిల్లను నవ్వించాలని చెరో పక్క చప్పట్లు కొడుతున్నారు.

"ఎవ్వలు లేకుండె బావా" అన్నాను. "గందుకే దిగంగనే అన్న మీద పడ్డడు."