సీట్లు మార్చే బావగారు

మా బావగారు ఎవరినీ కూర్చున్నచోట కూర్చోనివ్వరు. ఆయన గుణాల్లో ఇదొక్కటి చెబితే చాలు, తక్కినవన్నీ దీని వెనకాలే వస్తాయి. ఆయన మా ఆయనకు అన్నగారు. పెద్ద ఇండోర్ స్టేడియంలో, వచ్చిన జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే ఉద్యోగం. ఆ పని ఆ హాల్లో చేసి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. బస్సెక్కినా, ఆసుపత్రికి వెళ్ళినా, "ఇక్కడ కాదండీ, మీరు కాస్త అలా జరగండి" అంటూనే ఉంటారు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, వాచిన బుగ్గ పట్టుకుని వరండాలో అందరినీ సర్దారు. తీరా తన వంతు వచ్చేసరికి డాక్టరు భోజనానికి లేచాడు.

"మా పెళ్ళి ఫోటో చూశావా?" అంటుంది మా అక్కయ్య, అంటే ఆయన భార్య. "అందులో పెళ్ళికొడుకు మోచెయ్యి ఒక్కటే ఉంది. మిగతా మనిషి వెనక వరస సర్దడానికి వెళ్ళాడు."

"పొట్టివాళ్ళను తీసుకెళ్ళి వెనక నిలబెట్టాడు మరి," అంటారు బావగారు, ఇప్పటికీ తప్పంతా ఫోటోలు తీసినవాడిదే అన్నట్టు.

ఆ స్టేడియం మొదట్లో సరుకులు దించుకునే షెడ్డు. తరువాత కప్పు ఎత్తుచేసి, చెక్క నేల వేసి, చుట్టూ మెట్లుమెట్లుగా కుర్చీలు బిగించారు. అప్పటినుంచి అందులో జరగనిది లేదు. కుస్తీలు, బాడ్మింటన్, పాటకచేరీలు, ఉద్యోగాల పరీక్షలు, పుస్తకాల అమ్మకాలు. ఏది జరిగినా బావగారి పని బావగారిదే. ఒకసారి బహుమతులివ్వడానికి వచ్చిన బట్టతల పెద్దమనిషిని మొదటి వరసలోంచి లేపేశారు.

"నేను ముఖ్య అతిథినండీ," అన్నాడాయన.

"కావచ్చండీ. లైటు మీ తలమీద పడి, ఆ మెరుపుకి ఆడేవాళ్ళకు బంతి కనపడటం లేదు."

ముఖ్య అతిథి పాపం తల తడుముకుంటూ మూడో వరసకు వెళ్ళాడు.

ఏరు పొంగిన ఏడు సగం ఊరు ఆ హాల్లోనే తలదాచుకుంది. బావగారు గురకపెట్టేవాళ్ళనందరినీ ఏరి కోర్టులో ఒకవైపు పడుకోబెట్టారు.

"వలకు అటువైపు గురక, ఇటువైపు నిద్ర," అని చెబుతుంది అక్కయ్య.

"మరి మీరెటువైపు?" అని అడిగాను.

"ఆయన అటు, నేను ఇటు. మా కాపురంలో అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు."

మా ఆయన పోయాక నేను గడప దాటడం మానేశాను. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పడమే బరువుగా ఉండేది. అలా నెలలు గడిచాక ఒక ఆదివారం పొద్దున బావగారు వచ్చి, "అమ్మాయ్, ఆడపిల్లల వాలీబాల్ ఉంది. ఊరికే వచ్చి కూర్చో," అన్నారు. పెద్దాయన మాట తీసెయ్యలేక వెళ్ళాను. కాసేపుండి వచ్చేద్దామనుకున్నాను.

స్తంభం చాటున ఒక సీటు చూసుకున్నాను. అక్కణ్ణుంచి నాకు ఆట కనపడదు, నేను ఎవరికీ కనపడను. కుదురుకున్నానో లేదో బావగారు వచ్చేశారు.

"ఇక్కడ కాదమ్మా."

"నాకిక్కడే బాగుంది బావగారూ."

"నీకు బాగానే ఉంటుంది. స్తంభానికి ఇబ్బందిగా ఉంది. లే."

ఒకచోట కూర్చోబెట్టారు. దూరంగా వెళ్ళి చూసి తల అడ్డంగా ఊపారు. మళ్ళీ లేపారు. చివరికి పల్లీలు తింటున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చోబెట్టి తృప్తిగా వెళ్ళిపోయారు.

ఆవిడ నేనెవరినని అడగలేదు, ఏం జరిగిందనీ అడగలేదు. పొట్లం నా ఒళ్ళో పెట్టి, "మనవాళ్ళెవరు, ఎర్రచొక్కాలా, నీలాలా?" అంది.

"నాకు తెలియదండీ."

"నాకూ తెలియదు. ఎర్రవాళ్ళనుకుందాం. వాళ్ళలో ఆ పొడుగుపిల్ల మంచి కోపంమీద ఉంది."

ఎర్రవాళ్ళు వెనకబడ్డప్పుడల్లా నా చెయ్యి గిల్లేది. మధ్యలో ఆవిడే అంది. "మా చెల్లెలు పోయిన కొత్తలో నేనూ ఆ స్తంభం వెనకే కూర్చునేదాన్ని. నిన్నిక్కడ కూర్చోబెట్టినాయనే వచ్చి నన్ను లేపి, అదుగో, ఆ కళ్ళజోడాయన పక్కన పడేశాడు. ఆయనా ఒంటరిగా వచ్చినవాడే. ఆ చివరావిడా అంతే. ఈ వరసంతా ఆ సీట్లాయన ఏరుకొచ్చిన సరుకే."

వరస పొడవునా చూశాను. ఎవరికి వాళ్ళుగా వచ్చినవాళ్ళు కలిసి అరుస్తున్నారు. కళ్ళజోడాయన రిఫరీని నాలుగు తిట్టి, గొంతు ఎండిందని చివరావిడ దగ్గర మంచినీళ్ళు అడిగాడు.

విరామంలో బావగారు మావైపు వచ్చారు. పక్క సీటు ఖాళీగానే ఉంది.

"కూర్చోండి బావగారూ," అన్నాను.

ఆయన బిత్తరపోయారు. ఇన్నేళ్ళలో ఆ హాల్లో ఆయన్ను కూర్చోమన్నవాళ్ళు లేరట. సీటు దించుకుని, అంచుమీద కూర్చుని, బుద్ధిగా మోకాళ్ళమీద చేతులు పెట్టుకున్నారు. ఆట మళ్ళీ మొదలైంది. కాసేపు కళ్ళార్పకుండా చూసి, నావైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, ఆ బంతి కింద పడితే మంచిదా, చెడ్డదా?"

నవ్వుకి నాకు పొలమారింది. పెద్దావిడ ఒక చేత్తో నా తల తడుతూనే ఆయనకు ఆట నేర్పడం మొదలుపెట్టింది, అన్నీ తప్పులే. అది విని కళ్ళజోడాయన కలగజేసుకున్నాడు. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. బావగారు ఇద్దరూ చెప్పినదానికీ తలూపుతున్నారు.

"మధ్యాహ్నం ఇంకో ఆట ఉందట, ఉంటావా?" అంది పెద్దావిడ.

"ఉంటానండీ," అన్నాను. "బావగారిని మాత్రం లేవనివ్వకండి."